అమ్మ ఉన్న ఇంటికి అమ్మకం ఫొటోలు

నల్లగొండ నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం పొడవుగా ఉంది. పేరు వేయవద్దన్నారు. సారాంశం ఇది.

ఆమె వయసు 44. భర్త, పిల్లలతో నల్లగొండలోనే వేరే కాలనీలో ఉంటారు. తండ్రి ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యారు, ఎనిమిది నెలల కిందట పోయారు. తన జీతంతో 1994లో ఆయన కట్టించిన ఇల్లు పానగల్లు వెళ్ళే దారిలో ఉంది. 180 గజాల స్థలం, తూర్పు ముఖం, హాలు, రెండు పడక గదులు, వంటిల్లు, చిన్న దేవుడి గది, వెనక జామచెట్టు. 68 ఏళ్ళ తల్లి ఒక్కరే అందులో ఉంటున్నారు. అన్నయ్య హైదరాబాదులో, చెల్లెలు మిర్యాలగూడలో. అన్నయ్య కొన్న అపార్టుమెంటు వాయిదాలు బరువయ్యాయి. ఈ ఇల్లు అమ్మేసి డబ్బు ముగ్గురం పంచుకుందామని, అమ్మను తన దగ్గరికి తీసుకెళతానని ఆయన అంటున్నారు. ‘మీ ఇష్టం’ అన్నారట తల్లి. అయితే ఏజెంటు ఫొటోలు తీయడానికి వచ్చిన రోజు హాలు మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు, లేవలేదు. అతను టీ తాగి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి అన్నయ్య వాట్సాప్‌లో ఒక జాబితా పంపారు. దండ వేసిన నాన్న ఫొటో గోడ మీద నుంచి తీసేయాలి. దేవుడి గది ఖాళీ చేయాలి. పాత సామాను అమ్మేయాలి. బండల మీది మరకలు యాసిడ్‌తో కడిగించాలి. పడమటి గదిలో చెమ్మ పట్టిన గోడకు రంగు వేయించాలి, అది కుదరకపోతే ఫొటోలోనైనా గోడను సరిచేయించాలి. చివర ఒక వాక్యం: ‘అమ్మను రెండు రోజులు మిర్యాలగూడ పంపించి, ఆలోగా పని పూర్తి చెయ్యి.’ ఏజెంటేమో డ్రోన్ వీడియో కూడా ఉంటే మంచి ధర వస్తుందంటున్నాడు. ‘చేస్తే అమ్మ నా ముఖం చూడదు. చేయకపోతే నా వల్లే ఇల్లు అమ్ముడుపోలేదని అన్నయ్య అంటాడు. ఖర్చు ఎవరు పెట్టుకోవాలో ఎవరూ చెప్పరు. నేనేం చేయాలి?’ అని అడుగుతున్నారు.

ఇక నా సమాధానం.

మీ అన్నయ్య జాబితాలో చివర ఉన్న వాక్యంతోనే మొదలుపెడదాం. మిగిలిన పనుల్లో కొన్ని అవసరం, కొన్ని అనవసరం, ఒకటి రెండు నష్టం. వాటిని తరువాత ఒక్కొక్కటిగా చూద్దాం. అమ్మను ఊరు పంపి ఆమె లేనప్పుడు ఇల్లు సర్దడం మాత్రం మీరు ఒప్పుకోకూడని పని. ఆమె నొచ్చుకుంటారన్నది ఒక్కటే కారణం కాదు. ఆమె తిరిగొచ్చి తాళం తీసినప్పుడు ఎదురుగా నిలబడవలసింది మీరు. జాబితా పంపిన మనిషి ఆ సమయానికి హైదరాబాదులో ఆఫీసులో ఉంటారు. ‘మీ ఇష్టం’ అన్న తరువాత ఆమె హాల్లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు కదా, ఆమె తాజా అభిప్రాయం అదేననుకోండి.

ఇంకో సంగతి మీ ఉత్తరంలో చదివి ఆగిపోయాను. ‘ముగ్గురం పంచుకుందాం’ అన్నారట. ఇల్లు నాన్నగారి స్వార్జితం అని రాశారు, వీలునామా సంగతి రాయలేదు. వీలునామా లేకపోతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకూ కొడుకులకూ కూతుళ్ళకూ సమాన వాటాలు. అంటే మీ లెక్కలో వాటాలు మూడు కావు, నాలుగు. మీ నాన్నగారి తల్లి ఇంకా ఉంటే ఆమెది అయిదోది. పూర్తి ఇల్లు అమ్మాలంటే సబ్ రిజిస్ట్రార్ ఎదుట మీ అమ్మగారు కూడా సంతకం పెట్టాలి. కొనేవాడు బ్యాంకు రుణం తీసుకుంటే, కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో ఉన్న ప్రతి పేరునూ బ్యాంకు వకీలు వేలు పెట్టి చూస్తాడు. ఇది మీ అన్నయ్యకు కోపంతో చెప్పకండి. లెక్క తప్పింది, సరిచేద్దాం అన్నట్టు చెప్పండి. వాటా ఉన్న మనిషిని ఊరు పంపి ఫొటోలు తీయించడం ఎంత తెలివితక్కువ పనో ఆయనకే తెలుస్తుంది.

ఇప్పుడు మీ ముందు రెండు దారులున్నాయి. మొదటిది, నాన్నగారి సంవత్సరీకం అయ్యేదాకా ఆగడం. ఇంకా నాలుగు నెలలు. ఏడాది తిరగకముందే ఇల్లు అమ్మకానికి పెట్టారన్న మాట బంధువుల్లో పడదు, అమ్మకు మనసు కుదుటపడడానికి సమయం దొరుకుతుంది, చెమ్మ గోడ బాగు చేయించడానికీ ఆ నాలుగు నెలలు పనికొస్తాయి. నష్టం మీ అన్నయ్యది. నాలుగు వాయిదాలు ఆయన వేరే దారి చూసుకోవాలి. మీకు వీలైతే కొంత చేబదులు ఇచ్చి, ఇల్లు అమ్మాక లెక్కలో సర్దుకోవచ్చు. రెండోది, ఫొటోలు ఇప్పుడే, అమ్మ ఇంట్లో ఉండగానే, ఆమెకు చెప్పి తీయడం. ప్రకటన ఎప్పుడు పెట్టాలో ఆమెనే చెప్పమనడం. దీనికి మీ అన్నయ్య త్వరగా ఒప్పుకుంటారు. చిక్కు ఏమిటంటే, ఫొటోలు చేతికి వచ్చిన ఏజెంటు నాలుగు రోజులు కూడా ఆగడు. అందుకని ఫొటోలు మీ ఫోనుతో మీరే తీసి, మీ దగ్గరే ఉంచుకోండి.

నన్నడిగితే మొదటిది మేలు. కానీ అప్పుల ఒత్తిడి ఎంత ఉందో మీకు తెలుసు, నాకు తెలియదు.

ఏ దారి పట్టినా అమ్మతో మాట్లాడవలసింది మీరే. ‘అమ్మాలా వద్దా’ అని అడగకండి, దానికి మళ్ళీ ‘మీ ఇష్టం’ అనే వస్తుంది. సామాను దగ్గర మొదలుపెట్టండి. రోలు ఎవరికి, ఇత్తడి బిందెలు ఎవరికి, నాన్న రాసుకున్న బల్ల ఎక్కడికి, నీ వెంట ఏమేం వస్తాయి అని ఒక మధ్యాహ్నం కూర్చుని కాగితం మీద రాయండి. హైదరాబాదులో ఏ గదిలో ఉంటాను, దేవుణ్ణి ఎక్కడ పెట్టుకుంటాను అని ఆమె అడిగితే, ఆ ప్రశ్నలు అక్కడే అన్నయ్యకు ఫోను చేసి ఆమెతోనే అడిగించండి. మీరు మధ్యలో మాటలు మోయవద్దు. ఒకవేళ హైదరాబాదు వెళ్ళడం ఆమెకు ఇష్టం లేదని బయటపడితే, మీ కాలనీలోనే చిన్న పోర్షన్ అద్దెకు తీసుకోవడం గురించి కూడా మాట్లాడవచ్చు. తన వాటా డబ్బు తన పేరునే ఉంటే ఆమెకు ఆ స్వేచ్ఛ ఉంటుంది.

ఇక ఫొటోలు. మీ అన్నయ్య పంపిన జాబితా ఖాళీ చేసిన ఇళ్ళకు పనికొచ్చేది. మనిషి కాపురముంటున్న ఇంటిని ఫొటోల కోసం ఖాళీ చేయనక్కరలేదు. ఒక గది తీసేటప్పుడు అందులోని అడ్డం సామాను పక్క గదిలోకి వెళుతుంది, పక్క గది తీసేటప్పుడు ఇవతలికి వస్తుంది, సాయంత్రానికి అన్నీ వాటి చోట్లో ఉంటాయి. ఫొటోకు అడ్డం వచ్చేవి పాత సామాన్లు కావు. కిటికీ గట్టు మీది మందుల డబ్బాలు, మంచం కింది బియ్యం బస్తా, గోడకు వేలాడే నాలుగేళ్ళ క్యాలెండర్లు, దండెం మీది బట్టలు, బాత్రూములో బకెట్లు, మూలన చీపురు, ప్రతి ప్లగ్గుకూ వేలాడే చార్జరు. ఇవి తీస్తే చాలు. వంటింట్లో గట్టు ఖాళీగా, పొయ్యి తుడిచి ఉండాలి. గోడ పలకల మీద వరసగా బోర్లించిన స్టీలు గిన్నెలను కదపకండి, అవి బాగుంటాయి.

నాన్నగారి ఫొటో సంగతి. హాలుకు నాలుగు గోడలున్నాయి. కెమెరాకు ఒకేసారి మూడు మాత్రమే కనిపిస్తాయి. ఆ ఫొటో ఉన్న గోడకు వీపు ఆనించి, ఎదుటి మూల వైపు చూస్తూ తీయండి. ఫొటో గోడ మీదే ఉంటుంది, ప్రకటనలో ఉండదు. ఒక్క జాగ్రత్త: ఎదురుగా అద్దం ఉన్న బీరువా ఉంటే, అద్దంలో ఫొటో, దండ, ఫోను పట్టుకున్న మీరు అందరూ కనిపిస్తారు. తీసేది కొంచెం పక్కకు జరిగి తీయండి, లేదా అద్దం మీద దుప్పటి వేయండి. దేవుడి గది ఖాళీ చేయమన్న మాట పూర్తిగా వదిలేయండి. మన దగ్గర ఇల్లు కొనే చాలామంది దేవుడి గది ఉందా, ఎటు వైపు ఉంది అనే చూస్తారు. వాడిన పూలు తీసి, దీపం మసి తుడిస్తే సరిపోతుంది. తన దేవుళ్ళు ఊళ్ళో అందరి ఫోన్లలో తిరగడం అమ్మకు నచ్చకపోతే, తలుపు దగ్గరగా వేసి బయటి నుంచి తీయండి. వేరే మతం వాళ్ళు చూసినా అది ఒక చిన్న గదిగా కనిపిస్తుంది.

యాసిడ్ మాట వినగానే నాకు కంగారు పుట్టింది. మీ హాల్లో ఉన్నవి షాబాదు బండలని రాశారు. అవి సున్నపురాయి. యాసిడ్ తగిలితే రాయి కరుగుతుంది, మెరుపు పోయి తెల్లగా గరుకు తేలుతుంది. ముప్పై ఏళ్ళుగా నడిచి నునుపెక్కిన బండను అరగంటలో పాడుచేసుకున్నట్టే. సబ్బునీళ్ళతో కడిగి, పొడిబట్టతో తుడిచి, పూర్తిగా ఆరాక ఫొటో తీయండి. తడి నేల కంటికి మెరుస్తుంది కానీ ఫొటోలో తెల్లటి మచ్చలు పడుతుంది. నల్లాల మీద బోరు నీళ్ళ తెల్లపొర ఉంటే నిమ్మ ఉప్పు నీళ్ళలో ముంచిన గుడ్డ కాసేపు చుట్టి తుడవండి, పోతుంది. ఆ నీళ్ళు కూడా బండ మీద పడనివ్వకండి.

వెలుగు విషయంలో మీ ఇంటికి కలిసొచ్చే అంశం ఉంది. తూర్పు ముఖం కాబట్టి ఇంటి ముందు భాగం, హాలు, ఆగ్నేయంలోని వంటిల్లు ఉదయం ఏడు నుంచి తొమ్మిది మధ్య తీయాలి. పడమటి గదిని సాయంత్రం నాలుగు తరువాత తీయాలి. మధ్యాహ్నం నల్లగొండ ఎండలో వాకిలి తెల్లగా కాలిపోయి, లోపల గది చీకటిగా వస్తుంది. (మీ ఇంటికి దగ్గర్లోనే పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం ఉంది. గర్భగుడిలో పగలంతా నీడ నిలిచేలా వెలుగును మలిచిన శిల్పులు తిరిగిన దారిలో ఉంటూ, ఏజెంట్లు మిట్టమధ్యాహ్నం ఫొటోలు తీయడం నాకు ఎప్పుడూ వింతే.) కిటికీలన్నీ తెరవండి, పరదాలు పక్కకు జరపండి, ఫ్యాన్లు ఆపండి. లైట్లు వేస్తే అన్నీ తెల్లవి లేదా అన్నీ పసుపువి వేయండి, రెండూ కలిస్తే గోడలకు కామెర్లు వచ్చినట్టు ఉంటుంది. ఫ్లాష్ వద్దు. లెన్సు మీద పసుపు వేలిముద్రలు ఉంటాయి, ముందు మెత్తటి గుడ్డతో తుడవండి.

ఫోను అడ్డంగా, ఛాతీ ఎత్తులో, కిందికీ పైకీ వంచకుండా పట్టుకోండి. తలుపు చట్రం నిలువుగా వస్తోందా అని చూసుకుంటే చాలు, మిగతావన్నీ దానంతటవే సరిగ్గా వస్తాయి. గది మూలన నిలబడి ఎదుటి మూల వైపు తీయండి. ఫోనులో 0.5 అని కనిపించే వెడల్పు లెన్సును ఏజెంట్లు తెగ వాడతారు. దాంతో తీస్తే పదడుగుల పడక గది ఫంక్షన్ హాలులా కనిపిస్తుంది. ఆ ఫొటో చూసి హైదరాబాదు నుంచి వంద కిలోమీటర్లు వచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి ‘ఇంతేనా’ అంటాడు. ఆ ఒక్క మాటతో మీ ధర పడిపోతుంది, పైగా అది అమ్మ చెవిన పడుతుంది. మామూలు లెన్సుతో గది మొత్తం రాకపోతే రెండు మూలల నుంచి రెండు ఫొటోలు పెట్టండి, గది కొలతలు కింద రాయండి.

ఫొటోలు పది పన్నెండు చాలు. కానీ మన దగ్గర కొనేవాళ్ళు అడిగేది ఫొటోల్లో సగమే దొరుకుతుంది. రోడ్డు వెడల్పు ఎంత, మెట్లు ఎటు వైపు, పొయ్యి ఎటు, బోరు ఏ మూల అని వాస్తు చూసేవాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేస్తారు. దిక్కులు గుర్తుపెట్టి కాగితం మీద ఇంటి ప్లాను గీసి, దాన్నీ ఒక ఫొటోగా పెట్టండి. సగం ఫోన్లు తగ్గుతాయి. ఇంటి ముందు రోడ్డు కనిపించేలా ఒకటి, డాబా మీద నుంచి ఒకటి తప్పక ఉండాలి. ఇంకొకటి నీళ్ళు. ఫ్లోరైడ్‌తో ఈ జిల్లా పడిన బాధ వల్లనే, నీటిలోంచి దాన్ని తీసే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అన్న పేరు స్థిరపడింది. ఇక్కడ ఇల్లు కొనేవాడికి ఆ భయం ఇంకా పోలేదు. కృష్ణా నీళ్ళ నల్లా ఉంది, సంపు ఉంది, బోరు వేరే ఉంది అని మీరు రాశారు. ఆ మాటలు ప్రకటనలో మొదటి వరుసలో రావాలి, నల్లా, సంపు ఫొటోతో సహా. సోఫా ఎంత పాతదైనా ఎవరూ పట్టించుకోరు.

పడమటి గది గోడ. అవతల బాత్రూము ఉందని, పొడి రాలుతోందని రాశారు. దీని మీద ఇప్పుడు రంగు వేస్తే కొద్ది వారాల్లో బుడగలు లేస్తుంది. చూడడానికి వచ్చేవాళ్ళు సరిగ్గా ఆ సమయానికే వస్తారు. ఫొటోలో గోడను సరిచేయించడం ఇంకా చెడ్డది. ఫొటోలో శుభ్రమైన గోడ చూసి, ఇంట్లో చెమ్మ చూసిన మనిషికి మిగతా ఇంటి మీద కూడా అనుమానం మొదలవుతుంది. చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను ప్రకారం, అమ్మేవాడికి తెలిసి, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాడే చెప్పాలి. రంగు వేసి చెమ్మను కప్పడమంటే ఆ చిక్కును కొని తెచ్చుకోవడమే.

నిజాయితీగా చేయగలిగినవి రెండు. బాగు చేయించడం: ముందు ప్లంబరు పైపు లీకు చూడాలి, బాత్రూము టైల్సు సందులు మళ్ళీ నింపించాలి, ఇవతలి గోడకు పాడైన గిలాబు చెక్కించి ఆరనివ్వాలి, బాగా ఆరాకే కొత్త గిలాబు, రంగు. సంవత్సరీకం దాకా ఆగేట్టయితే దీనికి కావలసినంత సమయం ఉంది, వానాకాలం రాకముందు చేయించండి. లేదా ఉన్నది ఉన్నట్టు చెప్పడం: గోడ కనిపించేలా ఆ గది ఫొటో పెట్టి, ‘బాత్రూము పక్క గోడకు మరమ్మతు కావాలి’ అని రాసి, మేస్త్రీ చెప్పిన అంచనాను ధరలో తగ్గించుకోవడం. బేరమాడేవాడు అంతకంటే ఎక్కువే తగ్గించమంటాడు, దానికి సిద్ధంగా ఉండాలి. అన్నయ్యకు డబ్బు వెంటనే కావాలంటే రెండోదే కుదురుతుంది.

మీ ఉత్తరంలో మీరు అడగని విషయం ఒకటుంది. 68 ఏళ్ళ ఆవిడ ఒక్కరే ఉంటున్న ఇంటి లోపలి ఫొటోలు ఊరందరికీ చూపించబోతున్నారు. బీరువా ఎక్కడుంది, వెనక తలుపుకు గడియ ఎలా ఉంది అన్నవి ఫొటోల్లో కనిపించకూడదు. ఇంటి నంబరు, బండి నంబరు, పిల్లల ఫొటోలు రాకూడదు. ఫోను కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపేశాకే తీయండి, లేకపోతే ఇల్లు ఎక్కడుందో ఫొటోలోనే దాగి ఉంటుంది. ప్రకటనలో కాలనీ పేరు చాలు, ఫోను నంబరు అమ్మది ఇవ్వకండి. చూడడానికి వచ్చేవాళ్ళు ముందురోజు చెప్పి, మీరు లేదా మీ భర్త ఉన్నప్పుడే రావాలని ఏజెంటుకు గట్టిగా చెప్పండి. ‘ఇటుగా పోతున్నాం, ఒకసారి చూపించండి’ అని గేటు కొట్టేవాళ్ళకు తలుపు తీయవద్దని అమ్మకు చెప్పండి.

డ్రోన్ వద్దు. 180 గజాల ఇంటికి పై నుంచి కనిపించేది నీళ్ళ ట్యాంకు, పక్కింటివాళ్ళు ఆరేసిన మిరపకాయలు. ప్రకటనలో ఛాయా సోమేశ్వరాలయం ఫొటో పెడదామని ఏజెంటు అన్నాడట, అదీ వద్దు. గుడి ఎంత దూరమో ఒక మాటగా రాస్తే చాలు.

ఖర్చుల సంగతి. పని మనిషికీ, ప్లంబరుకూ, మేస్త్రీకీ ఇచ్చినవి ఒక నోటు పుస్తకంలో తేదీతో రాయండి, రసీదులు ఉంటే అందులోనే పెట్టండి. ఇల్లు అమ్మిన డబ్బులోంచి ముందు ఆ ఖర్చు తీసేసి, మిగిలింది వాటాలు వేసుకుంటామని మొదటి రూపాయి ఖర్చు పెట్టకముందే అన్నయ్య, చెల్లెలు, అమ్మ ఉన్న వాట్సాప్ గ్రూపులో రాసి, అందరి చేతా సరే అనిపించుకోండి. ఫొటోలు ఏజెంటుకు ఇచ్చే రోజు వచ్చాక, వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గుతుంది, డాక్యుమెంటుగా పంపండి.